ఇంటి చూపులు

ఇల్లు కొనాలనుకునేవాళ్ళకి పెద్దవాళ్ళు చెప్పే మాట ఒకటుంది. బయానా ఇచ్చేముందు ఇంటిని మూడుసార్లు చూడమంటారు: ఎండలో ఒకసారి, వానలో ఒకసారి, చీకటిపడ్డాక ఒకసారి. మంచి సలహానే. ఎండలో గోడల పగుళ్ళు కనిపిస్తాయి, వానలో స్లాబు సంగతి తేలిపోతుంది, రాత్రిపూట వీధి అసలు స్వభావం తెలుస్తుంది. అయితే చూసేది ఎవరు, చూస్తున్నది ఎవరి ఇంటిని, చూశాక తెలిసిన సంగతుల్ని ఏం చెయ్యాలి అన్న ప్రశ్నలకి ఈ సలహాలో చోటు లేదు. ఏడాదిగా ఉప్పల్, నాచారం వీధుల్లో ఇల్లు వెతుకుతున్న నన్ను తొలుస్తున్నవి ఈ మూడు ప్రశ్నలే. ధరా, బ్యాంకు లోనూ, వాస్తూ వాటి తర్వాతే.

మనలో చాలామందిమి ఒకప్పుడు చూపులకి కూర్చున్నవాళ్ళమే. నడవమన్నారు, పాడమన్నారు, జడ పొడుగు చూశారు, ఇంటి ఆస్తి ఆరా తీశారు, చివరికి ఏదో ఒక వంక పెట్టి కట్నం పెంచారు. ఇప్పుడు మనకి జీతాలొస్తున్నాయి, బ్యాంకులు మన పేరున అప్పు ఇస్తున్నాయి, మనమే వెళ్ళి చూసేవాళ్ళమయ్యాం. చిన్న విషయం కాదది. కానీ చూసేవాళ్ళ స్థానంలోకి రాగానే ఆ చూపు కూడా మనకి అంటుకుంటుందా? వంక పెట్టి ధర తగ్గించే ఆ పాత విద్య మన చేతిలో వేరే ఏమన్నా అవుతుందా? ఈ వ్యాసం ఆ అనుమానంలోంచి పుట్టింది.

నేనూ అమ్మా తార్నాకలో అద్దెకుంటున్నాం. తార్నాకలో గానీ హబ్సిగూడలో గానీ కొనే స్థోమత మాకు లేదు. అందుకే నాకు తెలిసిన చాలామందిలాగే తూర్పు దిక్కు చూశాం. 2007లో జి.హెచ్.ఎం.సి. ఏర్పడేవరకూ ఉప్పల్ విడి మునిసిపాలిటీ. 2017 నవంబర్‌లో నాగోల్ నుంచి అమీర్‌పేట మీదుగా మియాపూర్‌దాకా మెట్రో మొదలయ్యాక ఉప్పల్ ఒక్కసారిగా నగరానికి దగ్గరైపోయింది. నాచారం పారిశ్రామికవాడ. ఫ్యాక్టరీలూ, ఇ.ఎస్.ఐ. ఆస్పత్రీ, కార్మికులు వంద గజాలూ నూటయాభై గజాలూ కొనుక్కుని రేకులతో మొదలుపెట్టి తర్వాత స్లాబు వేసుకున్న ఇళ్ళూ. ఆ ఇళ్ళు కట్టినవాళ్ళు వయసుమళ్ళి ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. పిల్లలు అమ్ముకుంటున్నారు. మాలాంటివాళ్ళం కొనడానికి వెళుతున్నాం.

ముందు ఇంటి స్థితి సంగతి. ఇంజనీరు స్నేహితుడొకరు నాకు శ్రద్ధగా నేర్పించారు. కొత్తగా రంగు వేసిన గోడ కనిపిస్తే ఆ గోడ దగ్గరే ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే చెమ్మ మచ్చల్ని అమ్మకం ముందు రంగుతో కప్పేస్తారు. టైల్స్ మీద నాణెంతో కొడితే డొల్ల చప్పుడు రాకూడదు. స్లాబు అడుగున పెచ్చులూడితే లోపల ఇనుము తుప్పు పట్టిందని అర్థం. దూలానికీ గోడకీ మధ్య సన్నటి గీత వేరు, గోడకి అడ్డంగా మెట్లలాగా పాకిన పగులు వేరు. మొదటిది సున్నంతో పోతుంది, రెండోది పునాది దిగుతోందని చెపుతుంది. బోరు ఎన్ని అడుగులు వేశారో కాకుండా మే నెలలో నీళ్ళు వస్తున్నాయో లేదో అడగాలి.

ఇవన్నీ అడిగాను. అడిగిన ప్రతిచోటా జవాబు చెప్పింది యజమాని. చాలాసార్లు ఆయన ఆ ఇంట్లో పగటిపూట ఉండని మనిషి. మంజీర నీళ్ళు వదిలేది ఏ వేళకో, సన్నధారతో రెండు బిందెలు నిండడానికి ఎంతసేపు పడుతుందో, వంటింటి గట్టు దగ్గర వేసవిలో నిలబడగలమో లేదో, ఏ గోడకి ఆనించిన బీరువాలో బట్టలు బూజు పడతాయో ఆయనకి తెలియదు. తెలిసినవాళ్ళు తలుపు పక్కన నిలబడి ఉంటారు, లేకపోతే మంచినీళ్ళు తీసుకురావడానికి లోపలికి వెళ్ళి ఉంటారు. ఆ వీధిలో నాలుగిళ్ళలో పనిచేసే ఆమెని అడిగితే, ఒక్కో ఇంటి నేల ఎటు వాలిందో, ఏ బాత్‌రూములో నీళ్ళు నిలుస్తాయో చీపురు పట్టుకున్న చేతి జ్ఞాపకంతో చెప్పింది. ఇంటిని కడిగేవాళ్ళకి తెలిసినంతగా కట్టినవాళ్ళకి ఇల్లు తెలియదు. పి. సత్యవతిగారి కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన గృహిణి మనకి తెలుసు. ఆమె పేరు మర్చిపోయింది గానీ ఇంట్లో ఏ మూల ఎలా ఉంటుందో మర్చిపోయి ఉండదు. ఆ జ్ఞానాన్ని ఎవరూ ఆమెని అడగలేదు, అంతే.

ఇక చోటు సంగతి. దళారులు 'లొకేషన్' అని మొదలుపెట్టి మెట్రోకి ఎన్ని నిమిషాలో, 2023లో ఉప్పల్ రింగురోడ్డు దగ్గర కట్టిన ఆకాశవంతెన ఎంత సౌకర్యమో చెపుతారు. 2018లో మొదలుపెట్టిన ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవరు స్తంభాలు ఏళ్ళతరబడి దుమ్ములో నిలబడిపోయిన సంగతి మనమే గుర్తుచెయ్యాలి. వాళ్ళు చెప్పే నిమిషాలు బండి మీద వెళ్ళే మగవాడి నిమిషాలు. నేను రాత్రి తొమ్మిదిన్నరకి హబ్సిగూడ స్టేషన్‌లో దిగి నాచారం వైపు ఆటో పట్టుకుని, సందు మొదట్లో దిగి, మిగిలినది నడిచి చూశాను. ఎన్ని దీపాలు వెలుగుతున్నాయి, ఎక్కడ మందు దుకాణం పక్కనుంచి వెళ్ళక తప్పదు, ఎన్ని కిటికీలు వీధిలోకి తెరిచి ఉన్నాయి? అర్ధరాత్రి దాటాక ఫ్యాక్టరీల వైపు నుంచి వాసన వస్తుందా అని అడిగితే యజమాని 'అబ్బే' అన్నాడు. పక్కింటి బాలింతరాలు, రాత్రంతా పసిబిడ్డతో మేలుకునే మనిషి, ఏయే రాత్రులు కిటికీ మూసుకోవాలో చెప్పింది.

చోటులో ఇంకో పొర ఉంది. 'ఇటంతా మనోళ్ళే మేడం' అన్నాడొక దళారి. మనోళ్ళెవరో ఆయన చెప్పలేదు, నేనడగకముందే నా ఇంటిపేరు విని లెక్క గట్టుకున్నాడు. విశ్వవిద్యాలయంలో నాతో చదువుకుని ఇప్పుడు పాఠాలు చెపుతున్న దళిత స్నేహితురాలు ఇదే ఉప్పల్లో ఇదే బడ్జెట్‌తో వెతికింది. నాకు చూపించిన రెండు వీధులు ఆమెకి అసలు చూపించనేలేదు. 'సార్ రాలేదా' అన్న ప్రశ్న మాత్రం ఇద్దరికీ ఎదురైంది. మంచి లొకాలిటీ అన్న మాటలో చెట్లూ రోడ్లూ మాత్రమే ఉండవు. ఎవరిని రానివ్వలేదన్నది కూడా గజం ధరలో కలిసి ఉంటుంది. నేను ఆ ధర కడితే ఆ వడపోతకి కూడా డబ్బు కడుతున్నట్టే. ఆ వీధుల్ని నేను వదులుకున్నాను. అది త్యాగమేమీ కాదు. అక్కడుంటే రేపు నా ఇంటికి ఎవరొస్తున్నారో లెక్కపెట్టే కళ్ళ మధ్య బతకాలి.

నీళ్ళ సంగతి అన్నిటికన్నా ముఖ్యం. ఈ తూర్పు వైపంతా గొలుసుకట్టు చెరువుల నేల. ఉప్పల్ నల్లచెరువు, రామంతాపూర్ పెద్దచెరువు, నాచారం పెద్దచెరువు, వాటిని కలిపే నాలాలు. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ దగ్గర ఒక్కరోజులో 30 సెంటీమీటర్లు దాటి వాన కురిసినప్పుడు హబ్సిగూడ, రామంతాపూర్ కాలనీల్లో ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు నిలిచే గీతని ఎఫ్.టి.ఎల్. అంటారు. పది హెక్టార్లకి మించిన చెరువైతే ఆ గీత దాటాక ఇంకో 30 మీటర్లు, చిన్న చెరువైతే 9 మీటర్లు ఏమీ కట్టకూడదని 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు చెపుతున్నాయి. 2024లో హైడ్రా వచ్చాక ఈ గీతలు అందరి నోళ్ళలోనూ పడ్డాయి. అంతకు ముందు అమ్మేవాళ్ళకి ఆ గీత సంగతి తెలిసినా చెప్పేవాళ్ళు కాదు.

తెలిసి చెప్పకపోవడం మోసమా కాదా? ఈ ప్రశ్న రెండువేల ఏళ్ళ కిందటిది. రోమన్ తత్వవేత్త సిసిరో క్రీ.పూ. 44లో కొడుక్కి రాసిన ధర్మశాస్త్ర గ్రంథంలో, అచ్చంగా ఇల్లు అమ్మడం గురించి చర్చ ఉంది. కలప పుచ్చిపోయి, పడకగదుల్లో పాములు తిరిగే ఇల్లు. ఆ సంగతి యజమానికి తప్ప ఎవరికీ తెలియదు. చెప్పకుండా అమ్మవచ్చా? బాబిలోన్‌కి చెందిన డయోజెనిస్ వాదన ప్రకారం, కొనమని ఎవరూ బలవంతపెట్టలేదు, మౌనంగా ఉండటం దాచడం కాదు. ఆయన శిష్యుడు ఆంటిపేటర్ వాదన ప్రకారం, దారి తప్పినవాడికి దారి చెప్పకపోవడం ఎంత తప్పో ఇదీ అంతే. సిసిరో శిష్యుడి పక్షం వహించి, ఒక నిజమైన తగాదా కూడా చెపుతాడు. శకునాలు చూసేందుకు అడ్డొస్తోంది, పైభాగం కూల్చమని అధికారులు ఆదేశిస్తే, ఆ యజమాని ఆదేశం దాచి ఇల్లు అమ్మేశాడు. కొన్నవాడికి కూల్చక తప్పలేదు. తెలిసి చెప్పనందుకు నష్టం అమ్మినవాడే భరించాలని తీర్పు వచ్చింది. మన చెరువు గీతల కథే అది.

మన చట్టం కూడా ఆంటిపేటర్ వైపే ఉంది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్, మామూలు జాగ్రత్తతో కొనేవారు కనిపెట్టలేని లోపం అమ్మేవారికి తెలిస్తే చెప్పి తీరాలంటుంది. చాలామంది అక్కడితో చదవడం ఆపేస్తారు. అదే సెక్షన్ కొనేవారి మీద కూడా ఒక బాధ్యత పెట్టింది. అమ్మేవారికి ఆ ఆస్తిలో ఉన్న హక్కు ఎంతటిదో వారికే తెలియక, కొనేవారికి తెలిసి ఉంటే, దానివల్ల ఆ హక్కు విలువ పెరిగేటట్టయితే, కొనేవారు ఆ సంగతి చెప్పాలి. నాచారంలో ఒక ఇల్లు చూసేవరకూ ఈ వాక్యం నాకు పుస్తకంలో వాక్యమే.

హబ్సిగూడ నుంచి నాచారం వెళ్ళే దారికి లోపల, నాలాకి కొంచెం దగ్గరలో, నూట ఇరవై గజాల పాత ఇల్లది. తండ్రి ఫ్యాక్టరీలో పనిచేసి కట్టుకున్నాడు. వీలునామా రాయలేదు. తల్లి కూడా పోయింది. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. మార్కెట్ ధరకన్నా ఐదారు లక్షలు తక్కువకే ఇస్తామన్నారు, తొందరగా తేలిపోవాలన్నారు. దళారి గొంతు తగ్గించి, 'ఆడబిడ్డల సంతకాలు తీసుకుంటున్నరు మేడం, టైటిల్ క్లియర్ అయితది' అన్నాడు. మన స్థిరాస్తి భాషలో ఆడబిడ్డ రెండుచోట్ల కనిపిస్తుంది. వాస్తులో వంటింటి మూల దగ్గర ఒకసారి, కాయితాల్లో లిటిగేషన్ వస్తుందేమోనన్న భయంగా ఇంకోసారి. గోడలో చెమ్మలాగా ఆమె కూడా ఒక లోపం. సంతకంతో పూత పూస్తే సరిపోతుంది.

వెనక గది కూడా చూడాలన్నాను. అందులో చిన్న కూతురు ఉంటోంది. నలభై ఐదేళ్ళు దాటి ఉంటాయి. భర్త వదిలేశాక తిరిగొచ్చి, పన్నెండేళ్ళుగా ఆ గదిలో మిషన్ కుడుతోంది. మంచాన పడ్డ తల్లిని చివరిదాకా చూసుకున్నది ఆమే. అన్నదమ్ములు బయట ఫోన్లలో ఉన్నప్పుడు, నేనడగకుండానే గోడ మీద మోకాలి ఎత్తులో చెయ్యి పెట్టి చూపించింది. 'గా వానకి ఇంతదాంక వచ్చినయి నీళ్ళు. ముందు గదులల్ల రంగులేసిన్రు, నా గదికి ఎయ్యలే, చూడు చెల్లె, మరక గట్లనే ఉన్నది.' ఇల్లు అమ్ముడుపోతే ఆమె వీధిన పడుతుంది, నిజమే. కానీ ఇల్లు అమ్ముడుపోకూడదని చెప్పినట్టు నాకనిపించలేదు. వానాకాలంలో కుట్టుమిషను ఎత్తుగా పెట్టుకోమని ఎవరికైనా చెప్పేటట్టే చెప్పింది. ఆ ఇంటి గురించి నాకు నిజం చెప్పిన ఒకే ఒక్క మనిషి, అమ్మకం లెక్కలో లేని మనిషి.

అమ్మకపు దస్తావేజులో 'ఖాళీ చేసి స్వాధీనపరచడమైనది' అన్న మాట ఉంటుంది. ఎవరిని ఖాళీ చేసి? అడిగితే, 'ఆమెకి ఏడనన్న రూమ్ చూస్తం' అన్నాడు పెద్దన్న.

చట్టం ఏం చెపుతుందో మనకి తెలియనిది కాదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారమే వీలునామా లేకుండా పోయిన తండ్రి స్వార్జితంలో కొడుకుతో పాటు కూతురికీ సమాన వాటా ఉంది. కానీ అదే చట్టంలో 23వ సెక్షన్ ఇంటి దగ్గరికొచ్చేసరికి ఆమెని గుమ్మం బయట నిలబెట్టింది. కుటుంబం ఉంటున్న ఇంటిని పంచమని అడిగే హక్కు, మగ వారసులు పంచుకోవాలనుకునేదాకా ఆమెకి లేదు. పెళ్ళికాకపోతేనో, భర్త వదిలేస్తేనో, విడిపోతేనో, పోతేనో మాత్రం ఉండనిస్తారు. పొలంలో వాటాదారు, ఇంట్లో మాత్రం దయాధర్మం మీద బతికే మనిషి. నాచారంలో రామకృష్ణా సినీ స్టూడియో కట్టించిన ఎన్.టి.ఆర్. ముఖ్యమంత్రిగా ఉండగా, 1986లో ఆంధ్రప్రదేశ్ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి పుట్టుకతో హక్కునిచ్చింది. 1985 సెప్టెంబర్ 5కి ముందు పెళ్ళయినవాళ్ళకి అది వర్తించలేదు. 2005 సెప్టెంబర్ 9 నుంచి దేశమంతటా ఆ హక్కు వచ్చింది, 23వ సెక్షన్ పోయింది. తండ్రి ఆ తేదీకి బతికి ఉన్నా లేకపోయినా ఆ హక్కు ఉంటుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తేల్చింది. నాచారం ఇంటికి ఇంత చరిత్ర కూడా అక్కర్లేదు. తండ్రి స్వార్జితం కాబట్టి లెక్క తేలిక: నలుగురు, నాలుగు సమాన భాగాలు.

చట్టం గుమ్మం తీసేసింది గానీ, గుమ్మం చట్టంలో మాత్రమే లేదు. 'సంతకం పెడితే తల్లిగారిల్లు ఉంటది, పెట్టకుంటే వాటా ఉంటది. రెండు ఉండవు చెల్లె' అంది ఆమె. పెద్దక్కకి కూతురి పెళ్ళప్పుడు అన్నదమ్ములు పెట్టుపోతలు చేశారు, రేపు మనవడి తొట్టెల పండగకి కూడా వాళ్ళే రావాలి. అందుకే ఆమె ఇప్పటికే పెట్టేసింది. బీనా అగర్వాల్ 1994లో వచ్చిన 'ఎ ఫీల్డ్ ఆఫ్ వన్స్ ఓన్' పుస్తకంలో దక్షిణాసియా అంతటా ఆడవాళ్ళు అన్నదమ్ముల కోసం వాటాలు వదులుకోవడం వెనక ఉన్న లెక్కని విప్పి చూపించారు. అది అమాయకత్వం కాదు. కష్టకాలంలో వెనక్కి రావడానికి ఒక తలుపు కోసం కట్టే బీమా. కాకపోతే ఈ ఇంటి విషయంలో తలుపు కోసం వాటా వదులుకుంటున్నది, ఆ తలుపునే అమ్మేస్తుండగా.

మనం వర్జీనియా వుల్ఫ్‌ని తల్చుకోని సదస్సు ఉండదు. 1929లో ఆవిడ అడిగిన గది మన వ్యాసాలన్నిటిలోనూ ఉంది. ఆ పుస్తకంలో కథకురాలికి ఏడాదికి 500 పౌన్లు ఎక్కడినుంచి వచ్చాయన్నది మాత్రం తక్కువగా మాట్లాడుకుంటాం. బొంబాయిలో గుర్రం మీంచి పడి చనిపోయిన మేనత్త రాసిచ్చిన ఆస్తి అది. వలసపాలన నీడ ఆ డబ్బు మీద ఉంది, అది వేరే చర్చ. ఒక ఆడమనిషి నుంచి ఇంకో ఆడమనిషికి వారసత్వం అందింది కాబట్టే ఆ గది సాధ్యమైందన్నది ఇక్కడి చర్చ. నాచారంలో నాకు దొరకబోయే గది అందుకు తిరగబడిన కథ. ఒక ఆడమనిషికి అందకుండా పోయిన వారసత్వంలోంచి ఇంకో ఆడమనిషికి, ఐదారు లక్షలు తక్కువకి, గది దొరుకుతుంది.

న్యాయవాది అయిన స్నేహితురాలు నా గోడు విని నవ్వింది. 'హక్కు విడుదల పత్రం రిజిస్టరైతే నీకు ఏ బాధా లేదు. లోకంలో ప్రతి ఇంటి కింద ఇలాంటి సంతకం ఒకటి ఉంటుంది, నువ్వొక్కదానివి కొనకపోతే ఆగుతుందా?' అంది. ఆమె మాటలో బలముంది. ఆమె వాటా తప్పించింది నేను కాదు. అన్నదమ్ముల సంగతి వాళ్ళ ఇంటి సంగతి. అంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది: చదువుకున్న నేను వెళ్ళి నీ హక్కు ఇదీ అని చెప్పడం, ఆమె ఎంచుకున్నదాన్ని చిన్నబుచ్చడం కాదా? నా మనశ్శాంతి కోసం ఆమె తల్లిగారింటిని పణంగా పెట్టే అధికారం నాకెవరిచ్చారు?

హక్కు విడుదల పత్రం ఏం చేస్తుందో ఆలోచించాను. సంతకం నా దస్తావేజు మీద కాకుండా అన్నదమ్ముల పేరున ముందే పెట్టించేస్తే, నేను వచ్చేసరికి ఆమె అమ్మకందారే కాదు. 55వ సెక్షన్ నా మీద పెట్టిన బాధ్యత కూడా అక్కడితో మాయమవుతుంది. నా కళ్ళముందు నుంచి ఆమెని తొలగించి, నేను చూడనక్కర్లేకుండా చెయ్యడమే ఆ పత్రం చేసే పని. డయోజెనిస్, ఆంటిపేటర్ల వాదనలో అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరే ఉన్నారు, తీర్పు చెప్పినవాడితో సహా అంతా మగవాళ్ళే. ఆ ఇంటి వెనక గదిలో ఎవరున్నారని వాళ్ళలో ఎవరూ అడగలేదు. ఇద్దరి మధ్య నిజాయితీ ఎంత సంపూర్ణంగా ఉన్నా, మూడో మనిషి లెక్కలో లేకపోతే ఆ బేరం శుభ్రమైనదవుతుందా? అన్నదమ్ములు నాకు వరద సంగతి కూడా చెప్పి, నేను పూర్తి ధర ఇచ్చి ఉన్నా, ఈ ప్రశ్న అలాగే ఉండేది.

చిన్నబుచ్చడం సంగతికి మాత్రం జవాబు అమ్మ దగ్గర దొరికింది. అమ్మ కూడా తొంభైల్లో మా మేనమామలకి సంతకం పెట్టింది. ఇదంతా విని, చాలాసేపు ఆగి అంది: 'నన్నెవరూ అడగలేదు. కాయితం తెచ్చి ఇక్కడ పెట్టమన్నారు, పెట్టాను. అడిగినా పెట్టేదాన్నేలే. కానీ అడిగుంటే బాగుండేది.' జవాబు అదే అయినా, అడగడానికీ అడగకపోవడానికీ తేడా ఉంది. అడిగితే వదులుకోవడం ఆమె చేసిన పని అవుతుంది. అడక్కపోతే ఆమెకి జరిగిన పని అవుతుంది. ఎంపికని గౌరవించాలనుకుంటే ముందు ఎంపిక చేసుకోవడానికి వీలుండాలి. ఎదురుగా ఉన్నదేమిటో, దాని విలువెంతో తెలియకుండా చేసిన త్యాగాన్ని మనం గౌరవించడం లేదు, వాడుకుంటున్నాం.

ఒక్కదాన్ని కొనకపోతే ఆగుతుందా అన్న ప్రశ్నకి నా దగ్గర పెద్ద జవాబు లేదు. ఆగదు. కానీ ఇల్లు చూడటమంటే నా ఇంజనీరు స్నేహితుడు చెప్పినదాన్ని బట్టి, కొత్త రంగు వేసిన గోడ దగ్గర ఎక్కువసేపు నిలబడటం. కాయితాల్లో అలాంటి గోడ ఆడబిడ్డల సంతకం. గోడ దగ్గర నిలబడి సంతకం దగ్గర తల తిప్పుకుంటే, నేను చూసింది నాకు నష్టం తెచ్చే లోపాల్ని మాత్రమే. అలాంటి చూపు గురించే మనం ఇన్నేళ్ళుగా పెళ్ళిచూపుల మీద ఇన్ని కథలు రాశాం.

నేను బేరం పెట్టాను. తక్కువ ధరకి కాదు. నాలా పక్కనుండటం వల్ల, నీళ్ళ మరక వల్ల తగ్గాల్సింది తగ్గించి, తొందర వల్ల తగ్గినది తిరిగి కలిపి ఒక అంకె చెప్పాను. షరతు ఒక్కటే. హక్కు విడుదల పత్రంతో పని లేదు, అక్క పెట్టినది కూడా రద్దు చేసుకుని, నలుగురూ అమ్మకందారులుగా నా దస్తావేజు మీద సంతకం పెట్టాలి, నాలుగు చెక్కులు నలుగురి పేర్లమీద విడివిడిగా ఇస్తాను. చెక్కు తన ఖాతాలో పడ్డాక ఎవరికివ్వాలన్నది వాళ్ళ వాళ్ళ ఇష్టం. ఆ డబ్బు అన్నదమ్ములకి తిరిగిచ్చేస్తే ఇవ్వనీ. అప్పుడది ఆమె ఇచ్చినదవుతుంది, అడగనవసరం లేకుండా తీసుకున్నది కాదు.

పెద్దన్న దీన్ని అవమానంగా తీసుకున్నాడు. 'మా ఇంటి ఆడబిడ్డల సంగతి మాకు తెల్వదా?' అన్నాడు. దళారి నన్ను పక్కకి పిలిచి, వేరే పార్టీ సిద్ధంగా ఉంది, వాళ్ళు ఇన్ని ప్రశ్నలు అడగరని చెప్పాడు. నిజమే అయి ఉంటుంది. ఆ ఇల్లు మాకు దక్కకపోవచ్చు. తార్నాకలో అద్దె వచ్చే నెల నుంచి పెరుగుతుంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మేముంటున్నది రెండో అంతస్తు. ఇలాంటి ధరకి నేలమీది ఇల్లు మళ్ళీ దొరకడం కష్టం. ఈ లెక్కలేవీ తేలికైనవి కావు, వీటిని దాటేసి నేనేదో ఎత్తుకి చేరానని చెప్పుకోలేను. అమ్మని మెట్లెక్కించిన ప్రతిసారీ ఆ అంకె మళ్ళీ వేసుకుంటూనే ఉన్నాను.

పది రోజుల తర్వాత చిన్నామె ఫోన్ చేసింది. నంబరు ఎవరిచ్చారో నేనడగలేదు. సంతకానికి వారం గడువు అడిగానని చెప్పింది. తర్వాత, 'చెల్లె, నాలుగు పాళ్ళు అంటివి గదా, నా పాలు ఎంతయితదో కాయితం మీద రాసిస్తవా? పెడతనో పెట్టనో తర్వాత సంగతి. ఎంతదాని మీద పెడుతున్ననో తెల్వాలె గద' అంది.

రాసిచ్చాను. గజాలూ, ధరా, నాలుగో వంతూ, అన్నీ పెద్ద అక్షరాలతో.